వానపాముల పులుసు

మొదటి షిఫ్టు ముగించుకుని పైకి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది. ఎంత తోముకున్నా చెవుల్లో కొంత బొగ్గు మిగులుతుంది. మోకాళ్లలో ఏం మిగిలిందో ఇన్నేళ్లుగా ఏ దవాఖానా తేల్చలేదు. ఆ వేళకి నాకు ఎవరితోనూ మాట్లాడాలని ఉండదు. బస్సు కిటికీకి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, ఇంటిదాకా మూటలా పడిపోవాలని ఉంటుంది. కాని షిఫ్టు బస్సులో ముప్పై మంది నా వైపు తిరిగి కూర్చుంటారు. వాళ్లూ అలసిపోయే ఉంటారు. అలసిపోయినవాళ్లకు నవ్వించేవాడు ఒకడు కావాలి. మా బాయిలో ఆ పని నాకు పడింది. దానికి జీతం లేదు, సెలవూ లేదు.

బాయి అంటే గని. మా గోదావరిఖనిలో గనిని ఎవరూ గని అనరు. "బాయికి పోతున్న" అంటే నీళ్లు తోడటానికి అనుకునేవాడు ఈ ఊరివాడు కాదు.

చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. లెక్కల సారు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఆయన నడకను నేను నడిచి చూపేవాణ్ని. ఒకరోజు ఆయన ఇంకా తిరగకముందే నడిచాను. ఆ తర్వాత నాకు బడితోనూ, బడికి నాతోనూ పని లేకపోయింది. కొన్నేళ్లు హోటళ్లలో గ్లాసులు కడిగి, నాన్న ఉద్యోగం నాకొస్తే బాయి దిగాను. కింద కప్పు కూలకుండా స్తంభాలూ బోల్టులూ బిగించే సపోర్టు పని నాది. నోటి పని అదనం.

ఆ నోటితోనే ఒక ఆడమనిషి పొయ్యిని దాదాపు ఆర్పేశాను. ఆమె తిండి రుచి చూడకముందే ఆర్పేశాను. అందుకే ఈ సంగతి నవ్వుతూ రాయటం నాకు కొంచెం కష్టంగానే ఉంది.

కమాన్‌పూర్ పోయే రోడ్డు మీద, పంక్చర్ షాపుకూ మటన్ కొట్టుకూ నడుమ, ఒక రేకుల షెడ్డు చాలాకాలం ఖాళీగా ఉండేది. ఒకనాడు మా బస్సు అటు పోతుంటే దానికి కొత్త బోర్డు కనిపించింది. తెల్ల బోర్డు, ఎర్ర అక్షరాలు: జపాన్ నూడుల్స్. అక్షరాల కింద గిన్నె బొమ్మ. బోర్డు రాసినవాడు జపాన్ నూడుల్స్ ఎన్నడూ చూడలేదని తెలుస్తూనే ఉంది. గులాబీ రంగులో లావు లావుగా గీశాడు. వాటిలో ఒకటి గిన్నె అంచు దాటి బయటికి పాకుతోంది.

ముప్పై మంది నా వైపే చూస్తున్నారు. నేనేం చేయను.

"అరే, బస్సు ఆపుండ్రి. ఒకటి తప్పించుకొని పోతున్నది!" అన్నాను.

"ఏందది?" అన్నాడు బావ.

"వానపాము. లోపట పులుసు పెడుతున్నరు, సూడలేదా?"

బస్సు మా కాలనీ చేరేదాకా నవ్వారు. ఒకడు నవ్వి నవ్వి టిఫిన్ డబ్బా కింద పడేసుకున్నాడు. నాకు ఆ పూటకి డ్యూటీ అయిపోయిందని కిటికీకి తల ఆనించాను.

బావ అన్నాను కాని మాకు చుట్టరికం లేదు. పద్దెనిమిదేళ్లుగా ఒకే కప్పు కింద పని చేస్తున్నాం. అంతకంటే చుట్టరికం ఏముంటుంది.

బాయిలో ఒక పేరు అంటుకున్నదంటే ఊడదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం బురదలో జారిపడ్డవాణ్ని రిటైర్మెంటు రోజున పూలదండ వేసి "బురదన్నా" అని పిలిచి ఏడ్చిన జనం మేము. ఆ సాయంత్రమే నా మాట రెండో షిఫ్టుకు దిగింది. మర్నాటికి మిగతా బాయిలకు పాకింది. వారం తిరిగేసరికి కూరగాయల మార్కెట్లో మా ఆవిడ విని, ఇంటికొచ్చి నాకే చెప్పింది. "గా రోడ్డు మీద ఎవరో వానపాములు వండుతున్నరంట." ఎవరు పెట్టిన పేరని నేనూ ఆశ్చర్యపోయాను.

నెల దాటింది. వానలు పట్టాయి. మా ఆవిడ చెల్లెలికి బాగాలేదని మంచిర్యాల వెళ్లింది. పొద్దున నేను వండుకున్న అన్నం సంగతి చెప్పను. అది గిన్నెకే అంటుకుని ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం ఆకలి, వాన, మోకాళ్లు మూడూ కలిసి నన్ను ఆ రేకుల షెడ్డు ముందు బస్సు దించాయి. సిగరెట్ల కోసమని చెప్పి దిగాను. నేను సిగరెట్టు తాగను. అందరూ అదీ జోకే అనుకున్నారు.

లోపల ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే అదే నాకు నచ్చింది. నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు, ఒక్కరూ నా నోటి వంక చూసేవారు లేరు.

పొయ్యి దగ్గర ఒకామె నిలబడి ఉంది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. కొంగు నడుముకు చెక్కి, తలకు గుడ్డ కట్టుకుంది.

"రా కాక, కూసో. చికెన్‌దా, కూరగాయలదా?"

"ఏదైనా సరే బిడ్డ. జల్ది అయ్యేది పెట్టు."

"నా కాడ జల్ది అయ్యేదేం లేదు. పులుసు పొద్దటి సంది మరుగుతున్నది. నువ్వు పది నిమిషాలు కూసోలేవా?"

కూర్చున్నాను. బస్టాండు దగ్గర ప్లేటు బిర్యానీకి అయ్యేదాంట్లో సగానికే పెద్ద గిన్నె పెడతానని గోడ మీద రాసి ఉంది. చవక కదా, నీళ్లే పోస్తుందనుకున్నాను.

గిన్నె వచ్చింది. పాలు కలిసినట్టున్న పులుసు, దాని మీద సన్నటి నూనె చుక్కలు, ఉల్లికాడలు, పలుచగా కోసిన కోడి ముక్కలు. సగానికి కోసిన గుడ్డు ఒకటి, రెండు ముక్కలూ పైకి చూస్తూ ఉన్నాయి. తెల్లసొన టీ రంగులో ఉంది, పచ్చసొన మాత్రం బెల్లం పాకంలా కదులుతోంది. నూడుల్స్ బోర్డు మీద ఉన్నట్టు లేవు. సన్నగా, పసుపుపచ్చగా, మడతలు పెట్టిన నూలులా ఉన్నాయి. రెండు పుల్లలు పక్కన పెట్టింది. వాటితో నేను పడిన కష్టం చూసి ఒక నిమిషానికే ఫోర్కు తెచ్చి ఇచ్చింది.

మొదటి గుక్క గొంతులోకి దిగినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. ఎనిమిది గంటలు చెమట కార్చిన ఒంటికి ఉప్పు తగిలితే ఎలా ఉంటుందో బాయి దిగినవాడికి చెప్పనక్కర్లేదు. అల్లం, వెల్లుల్లి, ఎముకల్లోంచి దిగిన జిగురు, వాటి వెనక నాకు పేరు తెలియని ఇంకేదో. నూడుల్స్ పళ్ల కింద మెత్తగా జారిపోవు, కాస్త ఎదురు తిరిగి తెగుతాయి. ఎవరూ చూడటం లేదు కదా అని జుర్రుకున్నాను. చప్పుడు షెడ్డంతా వినిపించింది. సిగ్గుపడి ఆగాను.

"ఆగకు కాక. గట్లనే తినాలె. జపానోళ్లు చప్పుడు చేసుకుంటనే తింటరు. చప్పుడు లేకుంటే వండినోళ్లకు ఫికర్ అయితది" అంది ఆమె.

చాయ్ జుర్రుతున్నానని మా ఆవిడ ముప్పై ఏళ్లుగా తిడుతోంది. ఇన్నాళ్లూ మా ఇంట్లో ఒక జపానువాడు తిరుగుతున్నాడని పాపం ఆమెకు తెలియదు.

సగం తిన్నానో లేదో ఊరి పక్క ఓపెన్‌కాస్టు గని సైరన్ మోగింది. మా వైపు పుట్టినవాళ్ల చేతులకు ఏం చేయాలో వాటికే తెలుసు. రోజూ ఈ వేళకు అక్కడ బొగ్గు కోసం మందు పేలుస్తారు, నేల ఒక్కసారి ఎగిరి కూర్చుంటుంది. బల్ల మీది పులుసు ఒలకకూడదంటే బల్ల మీద ఉంచకూడదు. నేను గిన్నెను రెండు చేతులా లేపి గాలిలో పట్టుకున్నాను. ఆమె అటు గుడ్ల ట్రేను లేపి పట్టుకుంది. ధడ్‌మని వచ్చింది. రేకులు గలగలమన్నాయి. చుక్క ఒలకలేదు. చేతిలో ఉంది కదా అని గిన్నె నోటికి ఆనించి తాగాను.

"అక్కడ గూడ గిన్నె గిట్లనే లేపి తాగుతరు" అంది ఆమె నవ్వి. "వచ్చినోళ్లకు నేర్పుదామనుకున్న. మీకు ముందే వచ్చు."

అక్కడ అంటే మద్రాసు దగ్గర. కార్ల సామాను చేసే ఫ్యాక్టరీలో జపాన్ ఇంజనీర్లకు మెస్సు ఉండేదట. ఆమె ఉల్లిపాయలు తరిగే పనిలో చేరి, తొమ్మిదేళ్లలో పులుసు కుండ దాకా వచ్చింది. ముసలి జపాన్ వంటాయన ఒకడు పిండి ఎట్లా పిసకాలో చేత్తో చూపించాడు, ఎందుకంటే ఒకరి భాష ఒకరికి రాదు. ఆమె పుట్టింది మాత్రం ఇక్కడే, కమాన్‌పూర్‌లో. దాచుకున్నదంతా పెట్టి నూడుల్స్ తీసే మిషను కొనుక్కుని వచ్చింది.

"మస్తుగున్నది బిడ్డ. మరి జనమేరి?"

ఆమె బల్ల తుడుస్తూ ఆగింది. "ఎవడో నోరు పారేసుకున్నడంట కాక. వానపాముల పులుసు అని. మా అవ్వ గూడ అడిగింది, నిజంగనే కలుపుతున్నవా అని."

నేను గుడ్డు ముక్కను పులుసులోకి తోశాను. "ఎవడంట?"

"తెల్వదు. దొరికితే గీ కుండల ముంచుదామని సూస్తున్న."

"ముంచాలె. ముంచాలె" అన్నాను.

"నెలాఖరు దాక సూస్త. కాకుంటే బంద్ వెట్టి మల్ల మెస్సుకే పోత. వాళ్లు రమ్మంటనే ఉన్నరు."

"అదీ మంచిదే గద?"

ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు, అలసట ఉంది. ఆ చూపు నేను రోజూ బస్సు అద్దంలో చూస్తాను. "తొమ్మిదేండ్లు ఒకల పొయ్యి కాడ నిలబడ్డ కాక. నా పొయ్యి కాడ నాలుగు నెలలన్న నిలబడొద్దా?"

ఆ రోజు ఇంటికి నడిచే పోయాను. వాన నా మీద పడుతోందా, లోపల పడుతోందా తెలియలేదు. నెలాఖరుకు పదిహేను రోజులు కూడా లేవు.

మర్నాడు బస్సులో చెప్పాను. "నిన్న గా జపాన్ దాంట్ల తిన్న. మస్తున్నది. అబద్ధం కాదు."

బస్సు బస్సంతా నవ్వింది.

"ఎన్ని మీటర్లు తిన్నవన్న?" అన్నాడు వెనక సీట్లోంచి ఒకడు.

"నిజమే చెప్తున్నరా. పులుసు పొద్దటి సంది మరగవెడుతది. గుడ్డయితే పాకం లెక్కున్నది."

"గుడ్డు వానపాములు గూడ పెడతయా?" అన్నాడు ఇంకొకడు.

నేను ఒట్టు పెట్టుకున్నాను. ఇంకా నవ్వారు. తల్లి మీద పెట్టుకున్నాను, సీట్ల మీద కొట్టి కొట్టి నవ్వారు. బావ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు గింత సీరియస్‌గ మొఖం వెట్టినవంటే పెద్దది వస్తున్నదని అర్థమాయె బావ. జర జల్ది చెప్పు, కాలనీ వస్తున్నది" అన్నాడు.

మూడు రోజులు ఇదే తంతు. నేను నిజం చెప్పినకొద్దీ జోకు పెద్దదైంది. చివరికి నేను ఆమె దగ్గర వాటా తీసుకుంటున్నానని, నన్ను జపాను పంపిస్తున్నారని, అక్కడ వానపాముల బాయిలో సపోర్టు పని ఇస్తారని తేల్చారు. అవన్నీ బాగానే ఉన్నాయి. నా దగ్గర నేర్చుకున్నవే. వేరే రోజైతే నేనే చప్పట్లు కొట్టేవాణ్ని.

ఆ వారంలోనే బాయిలో ఒక సంగతి జరిగింది. సంగతి అనకూడదు, అది మాకు రోజూ ఉండేదే.

పని మొదలుపెట్టే ముందు కప్పు చూడాలి. ఇనుప కడ్డీతో కప్పును కొడుతూ, రెండో చెయ్యి ఆనించి వినాలి. గట్టి కప్పు గంటలా మోగుతుంది. పొర విడిచిన కప్పు ఖాళీ డబ్బాలా పలుకుతుంది. కింద కూడా నేను రోజంతా జోకులు వేస్తాను, మా పని చూసే ఓవర్‌మన్ మీద వేస్తాను, చీకటి మీద వేస్తాను, కాని కప్పు మీద వెయ్యను. కప్పు గురించి చెప్పాల్సి వస్తే నా గొంతు దానంతటదే కిందికి దిగుతుంది. అరవను. మెల్లగా, కడుపులోంచి వచ్చినట్టు ఒక్క మాట. ఈ పని నేర్పిన ముసలాయన గట్టిగా చెప్పాడు, "నువ్వు అరిస్తే వాళ్లు నిన్ను సూసుకుంట నిలబడతరురా. మెల్లగ చెప్పు, కదుల్తరు" అని. ఆ గొంతు వినగానే మావాళ్లు ఏంది అని అడగరు. చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలి వెనక్కి వస్తారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ గొంతుతో నేను వేరే మాట అనలేదు.

ఆ రోజు బావతో కలిపి నా వెంట అయిదుగురున్నారు, కడ్డీ డబ్బాలా పలికింది. "జరుగుండ్రి" అన్నాను. అయిదుగురూ జరిగారు. పొడుగు కడ్డీతో పొడిచి ఆ పొరను దించాం. మంచమంత ముక్క కింద పడి, దుమ్ము లేచి, ఆ దుమ్ము అణిగేదాకా దూరంగా నిలబడ్డాం. తర్వాత స్తంభాలు నిలబెట్టి, మంచినీళ్లు తాగుతూ కూర్చున్నప్పుడు బావ అన్నాడు, "గిదే గొంతుతోని బస్సుల ఒక్కసారి చెప్పు బావ, వానపాముల కోసం జపాన్ దాక ఉరుకుతం."

అతను సరదాకే అన్నాడు. నాకు మాత్రం అది మనసులో దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం బస్సు కమాన్‌పూర్ రోడ్డు ఎక్కింది. దూరంగా బోర్డు కనిపించింది, గిన్నె దాటి పాకే ఆ గులాబీ పురుగు కనిపించింది. షెడ్డు ముందు ఆమె ఒక్కతే బెంచీ మీద కూర్చుని రోడ్డు చూస్తోంది. నా గొంతు కిందికి దిగుతోందని నాకే తెలిసింది. "దిగుండ్రి" అని మెల్లగా అంటే చాలు. ముప్పై మందీ దిగుతారు. దిగాక పులుసు వాసన చూస్తారు, మిగతాది ఆమె చూసుకుంటుంది.

కాని రేపు కప్పు కింద నేను "జరుగుండ్రి" అన్నప్పుడు, ఆ అయిదుగురిలో ఒకడికి నూడుల్స్ గుర్తొస్తే? ఒక్క క్షణం ఆగి నా మొహం చూస్తే? ఆ గొంతు నేను పెంచుకున్నదే అయినా, దాంట్లో వాళ్ల ప్రాణాలున్నాయి. ఒక గిన్నె కోసం ఖర్చు పెట్టటానికి నాకు హక్కు లేదు.

మింగేశాను. దాని బదులు ఏదైనా జోకు వేద్దామని చూస్తే అదీ రాలేదు. ఏమీ రాలేదు. లేచి డ్రైవర్ భుజం తట్టి, బస్సు ఆపించి దిగాను. వెనక నుంచి "ఏందన్నా, ఇయ్యాల ఏం లేదా?" అని ఎవరో అడిగారు. చెయ్యి ఊపాను.

తర్వాత చాలామందికి అదొక ఉపాయమని చెప్పుకున్నాను. ఉపాయం కాదు. నేను అలసిపోయాను, అంతే. మర్నాడూ మాట్లాడలేదు. ఆ మర్నాడూ మాట్లాడలేదు. బస్సులో కిటికీకి తల ఆనించటం, షెడ్డు ముందు దిగటం, రోడ్డు వైపు ఉన్న బెంచీ మీద కూర్చుని ఒక గిన్నె తినటం, సైరన్ మోగితే గిన్నె లేపటం, నడిచి ఇంటికి పోవటం. ముప్పై ఏళ్లలో అంత హాయిగా ఎప్పుడూ లేను.

మంచిర్యాల నుంచి వచ్చిన మా ఆవిడ మూడో రోజు నిలదీసింది. "ఏమైందయ్యా నీకు? నీ దోస్తులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు."

"ఏం కాలేదు."

"కాకుంటే మాట్లాడు మరి. ఇంట్ల మాట్లాడకపోయినా సరే, నాక్కొంచెం సుఖముంటది. బస్సుల మాట్లాడకపోతే ఎట్ల? జనం ఏమనుకుంటరు?"

జనం అనుకోవటం ఎప్పుడో మొదలైంది. నాకు ఊపిరితిత్తుల రిపోర్టు చెడ్డగా వచ్చిందని ఒక బాయిలో. మెడికల్ అన్‌ఫిట్ పెట్టుకుని కొడుక్కి ఉద్యోగం ఇప్పిస్తున్నానని ఇంకో బాయిలో. నాకు కొడుకులు లేరు. ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరూ నాకంటే గట్టిగా మాట్లాడతారు.

అయిదో రోజు బస్సు వెళ్లిపోలేదు. నేను దిగాక ఇంజను ఆగింది. బావ దిగాడు, అతని వెనక ఇంకో ముగ్గురు దిగారు, చివరికి డ్రైవరు కూడా దిగాడు. మిగతావాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. వాళ్లు నడిచి వచ్చిన తీరు చూస్తే నన్ను అప్పుడే చాప మీద పడుకోబెట్టినట్టుంది. బావ నా పక్కన మెల్లగా కూర్చున్నాడు.

"బావ, నాకు నిజం చెప్పు. రిపోర్టు వచ్చిందా?"

"ఏం రిపోర్టు?"

"దవాఖాన్ల."

"లే."

"అన్‌ఫిట్ పెట్టుకుంటున్నవా?"

"లే."

"ఇంట్ల ఏమన్న లొల్లయిందా?"

"లేదు బావ."

"మరేందయ్యా గిట్ల కూసున్నవ్!"

"నూడుల్స్ తింటున్న."

అయిదుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్లలో నేను చెప్పిన నిజం ఒకటి నిజంలా వినపడటం అదే మొదలు.

పొయ్యి దగ్గర్నుంచి ఆమె కేకేసింది. "వచ్చిన్రు గద, కూసోండ్రి. నిలబడి పరామర్శ చేస్తరా? పది నిమిషాలు ఆగితే పులుసు పోస్త."

రోగం చూడటానికి వచ్చిన ఇంట్లో పెట్టింది తినకుండా లేవటం మా దగ్గర మర్యాద కాదు. కూర్చున్నారు. గిన్నెలు వచ్చాయి. బావ ఫోర్కుతో నూడుల్స్ పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, తల ఉందా అని చూసి, నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకోసారి పెట్టుకున్నాడు. తర్వాత జుర్రిన చప్పుడుకు మటన్ కొట్టాయన తొంగి చూశాడు.

సైరన్ మోగింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆరు గిన్నెలు ఒక్కసారి గాలిలోకి లేచాయి. ధడ్‌మంది, రేకులు మోగాయి, దుమ్ము రాలింది. అయిపోయాక కూడా ఒక్కరూ గిన్నె దించలేదు. అట్లాగే ఎత్తి తాగారు. ఆమె గుడ్ల ట్రే పట్టుకుని వాళ్లనే చూస్తోంది. మెస్సులో తొమ్మిదేళ్లు చూసిన దృశ్యం మళ్లీ చూస్తున్నట్టుంది ఆమె మొహం.

అంతా బాగానే ముగిసేది. బావ మీసం తుడుచుకుని ఒక్క మాట అన్నాడు.

"గింత మంచిగుంటే మరి వానపాములని పేరెందుకు పెట్టినవ్ బావ?"

ఆమె చేతిలో ట్రే అట్లాగే ఉండిపోయింది. నన్ను చూసింది. నేను గిన్నె అడుగు చూశాను. అక్కడ దాక్కోవటానికి చోటు లేదు.

"ఓహో" అంది. అంతే. కుండలో ముంచలేదు. ముంచినా బాగుండేది.

మర్నాడు నా గిన్నెలో గుడ్డు లేదు. అందరి గిన్నెల్లో ఉంది. పులుసు అంతే బాగుంది, కోడి ముక్కలూ అన్నే ఉన్నాయి, గుడ్డు ఉండాల్సిన చోట మాత్రం గుండ్రంగా ఖాళీ. ఆ మర్నాడూ లేదు.

"నీ గుడ్డేది?" అన్నాడు బావ.

"డైటింగు."

రోజూ నలుగురో అయిదుగురో నాతోపాటు దిగటం మొదలైంది. డ్రైవరు మేం తినేదాకా బస్సు ఆపి, పార్సిల్ కట్టించుకునేవాడు, పులుసు ఒక కవరులో, నూడుల్స్ వేరే కవరులో. రెండో షిఫ్టువాళ్లు పోయేముందు వచ్చేవారని విన్నాను. నేను పెట్టిన పేరు మాత్రం పోలేదు. "అక్కా, రెండు వానపాములు" అనే అడిగేవారు. ప్రతిసారీ ఆమె నన్ను ఒక్క చూపు చూసి వడ్డించేది. షెడ్డు నిండిపోయిందని చెప్పను. రెండు బల్లలు నిండేవి, రెండు ఖాళీగా ఉండేవి. అది చాలుతుందో లేదో నాకు తెలియదు.

నెల ఆఖరి రోజున ఆమె నా ముందు గిన్నె పెట్టి అక్కడే నిలబడింది. బావా, ఇంకో ముగ్గురూ నా బల్ల దగ్గరే ఉన్నారు.

"కాక, ఒక్క మాట. నీ జోకులు నాకొద్దు. రోజు తింటున్నవు, నీకు తెలుస్తది. తాగి చెప్పు. నడుపుదునా, బంద్ వెడుదునా?"

గిన్నె లేపి తాగాను. నోట్లో ఉంచుకుని, కడ్డీ చప్పుడు విన్నట్టు విన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు, నవ్వించే ఓపిక అసలే లేదు. గొంతు దానంతటదే దిగింది.

"ఉప్పెక్కువైంది" అన్నాను.

నలుగురూ నోట్లో ఉన్నది నోట్లో ఉండగానే లేచారు. గిన్నెలు చేతుల్లో పట్టుకుని మూడడుగులు వెనక్కి పోయి, తలలెత్తి రేకుల కప్పు వంక చూస్తున్నారు.

"ఏడ? ఏడ బావ?" అన్నాడు బావ.

నేను గిన్నె దించాను. "కప్పు కాదురా. ఉప్పు. కూసోండ్రి."

వాళ్లు కూర్చోలేదు. ఇంకోసారి పైకి చూసి, నమ్మకం కుదిరాకే బెంచీ ఎక్కారు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. బావే చెప్పాడు ఆ గొంతు సంగతి, అది విన్నాక తాము ఎందుకు ఆగరో. ఆమె వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. నేను అన్ని రోజుల్లో ఏ జోకు వేసీ ఆమెను నవ్వించలేదు.

"మిగతది చెప్పలే కాక" అంది కళ్లు తుడుచుకుని. "నడుపుదునా?"

"నడుపు. ఉప్పు తగ్గించి నడుపు."

"ఇంకో నెల సూస్త అయితే" అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఖర్చు పెట్టకూడదనుకున్నది జారిపోయింది కదా. మర్నాడు బాయిలో మొదటి జాగాలోనే కడ్డీ కొడితే ఒక మూల డబ్బాలా పలికింది. చిన్న ముక్కే. "జరుగుండ్రి" అన్నాను. అయిదుగురూ జరిగారు. ఎవరూ నా మొహం చూడలేదు. ఎవరూ ఉప్పు గురించి అడగలేదు. పొర దించాక నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. బావ పక్కన కూర్చుని నీళ్ల సీసా ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం బెంచీ మీద కూర్చున్నాను. గిన్నె వచ్చింది. ఉప్పు సరిపోయింది. ఉల్లికాడల పక్కన, టీ రంగు తెల్లసొనలో, గుడ్డు కనిపించింది. సగం ముక్కే. మిగతా సగం ఎక్కడుందని నేను అడగలేదు, ఆమె పొయ్యి మీంచి తలెత్తలేదు. దాన్ని చివరిదాకా దాచుకుని, మెల్లగా తిన్నాను. బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. గిన్నెలో ఇంకో రెండు గుక్కలున్నాయి. కొట్టుకోనీ అనుకున్నాను.